పగడానికి ఏ వెలుగు కావాలి?

కిందటి ఏడాది దసరా సెలవుల తరువాత బడి తెరిచిన రోజు. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చాడు. సెలవుల్లో హైదరాబాదులో బాబాయి ఇంటికి పోయి వచ్చాడట. అక్కడ ఒక దుకాణంలో ఉప్పునీటి తొట్టె చూశాడట. అందులో చేపలతో పాటు పగడాలు కూడా ఉన్నాయట.

"సార్, ఆ తొట్టె మీద దీపం ముదురు నీలం రంగులో ఉంది. మన బడిలో చేపల తొట్టెకు మామూలు ట్యూబులైటే కదా పెట్టినం. వాళ్లు నీలం దీపం ఎందుకు పెట్టిన్రు?" అని అడిగాడు.

"చూడడానికి అందంగా ఉంటుందని పెట్టి ఉంటారులే" అని చెప్పి పంపేశాను. ఇంటికి పోయి పుస్తకాలు తిరగేస్తే నా జవాబు సగానికి పైగా తప్పని తెలిసింది. మరునాడు తరగతిలో "నిన్న నేను చెప్పింది సరికాదు" అని ఒప్పుకొని, అందరం కలిసి ఆ ప్రశ్ననే పట్టుకున్నాం. ఆనాటి చర్చే ఈ వ్యాసం.

మన పూడూరుకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. "సముద్రం సంగతి మనకెందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. మీరు కూర్చున్న తరగతి గది నేల వంక ఒకసారి చూడండి. అక్కడ పరిచిన తాండూరు బండలు ఒకప్పటి సముద్రపు అడుగే! యాభై కోట్ల ఏండ్ల కంటే వెనుకటి మాట. తాండూరు ప్రాంతంలో లోతు తక్కువైన సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి నాపరాయి అయింది. నేటి రాతి పగడాలు అప్పటికి ఇంకా పుట్టలేదు. అయినా పగడం కట్టుకునే గూటిలోనూ, ఈ బండలోనూ ఉన్న ముఖ్య పదార్థం ఒకటే. అది కాల్షియం కార్బొనేట్.

పగడం మొక్కా? జంతువా?

పగడం అనగానే అమ్మమ్మ మెడలోని ఎర్రని పూస గుర్తుకు వస్తుంది. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువైన రాతి గుహల్లోనూ లోతుల్లోనూ పెరిగే ఎర్ర పగడం. దానికి వెలుగుతో పని లేదు. మన ప్రశ్న పగడపు దిబ్బలు కట్టే రాతి పగడాల గురించి.

ఇవి జంతువులే. మీరు పాఠంలో చదివిన హైడ్రాకు దగ్గరి చుట్టాలు. సంచి వంటి చిన్న శరీరం, పైన ఒక నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు. ఇటువంటి జీవిని పాలిప్ అంటారు. పాలిప్ తన అడుగున కాల్షియం కార్బొనేట్‌తో గిన్నె వంటి గూడు కట్టుకుంటుంది. వేలకు వేల పాలిప్‌లు పక్కపక్కనే గూళ్లు కట్టుకుంటూ పోతే తరతరాలకు అదే దిబ్బ అవుతుంది.

జంతువైతే దానికి ఆహారం కావాలి గాని వెలుగు ఎందుకు? అసలు రహస్యం పాలిప్ శరీరం లోపల ఉంది. దాని కణాలలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. పగడం ఉపరితలంలో ఒక్క చదరపు సెంటీమీటరులోనే ఇవి పది లక్షలకు పైగా ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియ జరిపి ఇవి తయారు చేసే చక్కెరలలో ఎక్కువ భాగం పాలిప్‌కే చేరుతుంది. కొన్ని పగడాలు తమకు కావలసిన శక్తిలో నూటికి 90 పాళ్ల దాకా ఇలాగే సంపాదిస్తాయి. బదులుగా శైవలానికి నీడ, కార్బన్ డయాక్సైడ్, నత్రజని సమ్మేళనాలు దొరుకుతాయి. ఇదే సహజీవనం.

ఈ సంగతి ఒక్కరోజులో తేలలేదు. 1928–29లో మారిస్ యంగ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక బృందం ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్లింది. వారు కొన్ని పగడాలను వెలుతురు చొరని పెట్టెలలో ఉంచి చూశారు. చీకటిలో శైవలాలు నశించి బయటకు వచ్చేశాయి. పగడాలు వెలిసిపోయాయి. తరువాత 1944లో జపాన్ శాస్త్రవేత్త సిరో కవగుటి ఈ శైవలాలు డైనోఫ్లాజెల్లేట్ల జాతికి చెందినవని గుర్తించాడు.

కాబట్టి పిల్లలూ, ఇక్కడ మొదటి సూత్రం రాసుకోండి. తొట్టె మీద పెట్టే దీపం చూసే మన కోసం కాదు, పాలిప్ కోసం కూడా కాదు. అది పాలిప్‌లో దాగిన శైవలం కోసం.

సముద్రం ఒక జల్లెడ

సూర్యకాంతిలో ఏడు రంగులున్నాయని మీకు తెలుసు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నానోమీటర్ల నుండి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఊదా, నీలం 400 వైపు ఉంటే ఎరుపు 700 వైపు ఉంటుంది. మొక్కలు వాడుకునే కాంతి కూడా ముఖ్యంగా ఈ మేరలోనిదే.

ఈ కాంతి సముద్రంలోకి దిగుతుంటే ఏమవుతుంది? నీరు ఎర్రని కాంతిని త్వరగా పీల్చుకుంటుంది. నీలాన్ని చాలా దూరం పోనిస్తుంది. తేటగా ఉన్న సముద్రంలో 10 మీటర్ల లోతుకు చేరేసరికి 650 నానోమీటర్ల ఎర్రని కాంతి నూటికి ఐదు పాళ్లు కూడా మిగలదు. అదే లోతులో నీలం కాంతి నూటికి 80 పాళ్లకు పైగా నిలిచి ఉంటుంది. మసకగానైనా అది 200 మీటర్ల దాకా పోగలదు.

ఈ నీలం రంగు వెనుక మన దేశపు గొప్ప కథ ఒకటి ఉంది. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1921లో ఓడమీద ఇంగ్లండు వెళ్లి వచ్చాడు. దారిలో మధ్యధరా సముద్రపు నీలిమ ఆయనను ఆకట్టుకున్నది. సముద్రం నీలంగా కనిపించడం ఆకాశపు ప్రతిబింబం వల్లనేనని అప్పట్లో చాలామంది నమ్మేవారు. నీటి అణువులే కాంతిని వెదజల్లుతాయని రామన్ చూపించాడు. ఆ దారిలోనే ముందుకు పోయి 1928లో రామన్ ఫలితాన్ని కనుగొన్నాడు.

జల్లెడ సంగతికి మన మండలంలోనే మరో ఉదాహరణ ఉంది. దామగుండంలో నౌకాదళం వారి రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి విషయమై దాని మీద వాదోపవాదాలు నడిచాయి. మనకు ఇక్కడ కావలసింది దానిలోని భౌతికశాస్త్రం. సముద్రం లేని చోట నౌకాదళానికి ఏం పని? మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి చొరలేవు. సెకనుకు 3 వేల నుండి 30 వేల కంపనాలు గల అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు మాత్రం పది, ఇరవై మీటర్ల లోతు దాకా దిగగలవు. నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గామికి సందేశం అందేది వాటి ద్వారానే. రేడియో తరంగమూ, కాంతీ రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. సముద్రం ఒకదాన్ని ఆపుతుంది, ఒకదాన్ని పోనిస్తుంది. జలాంతర్గామికి సందేశం పంపేవారు ఆ జల్లెడను లెక్కలోకి తీసుకున్నట్లే, పగడానికి దీపం పెట్టేవారూ తీసుకోవాలి.

పది మీటర్ల పని దీపమే చేయాలి

పగడాలలోని శైవలాలు లక్షల ఏండ్లుగా ఈ నీలం వెలుగుకే అలవాటుపడ్డాయి. వాటిలో పత్రహరితం 'ఎ'తో పాటు పత్రహరితం 'సి', పెరిడినిన్ అనే వర్ణకాలు ఉంటాయి. ఇవి ముఖ్యంగా నీలం, నీలాకుపచ్చ కాంతిని పట్టుకుంటాయి.

ఇప్పుడు తొట్టెను ఊహించుకోండి. అందులో నీటి లోతు మహా అయితే అర మీటరు. అర మీటరు నీరు ఎర్రని కాంతిలో నూటికి 16 పాళ్లు మాత్రమే పీల్చుకుంటుంది. అంటే తొట్టెలో నీరు జల్లెడ పని చేయలేదు. దిబ్బ మీద 10 మీటర్ల సముద్రం చేసే పనిని తొట్టెలో దీపమే చేయాలి. మా విద్యార్థి చూసిన నీలం దీపానికి అర్థం ఇదే.

మొదట్లో దీపాలు లేకుండానే ఈ పని సాధించిన వారున్నారు. ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు నీరు, దిబ్బ నుండి తెచ్చిన జీవమున్న రాళ్లు, గాలి బుడగలు, ఎండ, వీటితోనే తొట్టెలో పగడాలను బతికించాడు. ఆ విధానాన్ని 1961లో లోకానికి వివరించాడు. భూమధ్యరేఖ దగ్గర ఎండకు కొదువ లేదు. చలిదేశాల వారికి ఆ అదృష్టం లేదు గనుక వారు దీపాల వెంట పడ్డారు. మొదట ట్యూబులైట్లు, తరువాత మెటల్ హాలైడ్ దీపాలు వాడారు. మెటల్ హాలైడ్ దీపం వెలుగు బాగా ఇస్తుంది గాని నీటిని వేడెక్కిస్తుంది.

ఇప్పుడు వాటి స్థానంలో ఎక్కువగా ఎల్ఈడీలు వచ్చాయి. నీలం కాంతినిచ్చే ప్రకాశవంతమైన ఎల్ఈడీని 1990ల మొదట్లో జపాన్‌లో తయారు చేశారు. అందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మీ ఇంట్లోని తెల్లని ఎల్ఈడీ బల్బు లోపల ఉన్నది కూడా సాధారణంగా నీలం ఎల్ఈడీయే. దాని మీద పూసిన పొడి కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి.

దీపం పెట్టె మీద 2700 కెల్విన్, 6500 కెల్విన్ అని రాసి ఉండడం చూశారా? అది ఆ వెలుగు రంగును చెప్పే అంకె. 2700 అంటే పసుపు వెలుగు. 6500 అంటే పగటి వెలుగు. 10,000 దాటితే నీలం వైపు జరుగుతుంది. పగడాల తొట్టెకు 10,000 నుండి 20,000 మధ్య దీపాలు గానీ, నీలం, తెలుపు కలిపి విడివిడిగా తగ్గించి పెంచుకునే ఎల్ఈడీలు గానీ ఎంచుకుంటారు.

తెలుపు ఎందుకు కలపాలి? ఉత్త నీలం వెలుగులో మన కంటికి రోగం కనబడదు. కొన్ని పగడాలలోని ప్రొటీన్లు నీలం కాంతిని పీల్చి ఆకుపచ్చగానో, ఎర్రగానో తిరిగి వెదజల్లుతాయి. అందుకే దుకాణంలో పగడాలు మిలమిలా మెరుస్తాయి. ఆ మెరుపు ఆరోగ్యానికి గుర్తు కాదు. తెల్లని వెలుగులో చూస్తేనే అది వెలిసిపోతున్నదో లేదో తెలుస్తుంది. అందం కోసం నీలం పెట్టారన్న నా మొదటి జవాబులో ఉన్న కొద్దిపాటి నిజం ఇదే!

వాట్లు చూసి మోసపోవద్దు

రంగు తేలింది. ఇక ఎంత వెలుగు? "ఎక్కువ వాట్ల దీపం కొంటే సరి" అని మీరనవచ్చు. వాట్లు చెప్పేది దీపం ఎంత విద్యుత్తు తింటుందో గాని ఎంత వెలుగు ఇస్తుందో కాదు.

మరి లక్స్? లక్స్ మన కంటిని బట్టి కట్టిన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చకు ఎక్కువగా స్పందిస్తుంది. నీలానికి తక్కువగా స్పందిస్తుంది. కాబట్టి శైవలానికి విందు భోజనం వంటి నీలం వెలుగును లక్స్ మీటరు చాలా తక్కువగా చూపిస్తుంది.

శాస్త్రజ్ఞులు వాడే లెక్క వేరు. 400 నుండి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు, అంటే ఫోటాన్లు, ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో లెక్కిస్తారు. దీనిని మైక్రోమోళ్లలో చెబుతారు. నడి ఎండలో ఇది దాదాపు 2000 ఉంటుంది. తొట్టెలు పెంచేవారు అనుభవం మీద పాటించే లెక్క ఇలా ఉంటుంది: పుట్టగొడుగు పగడాల వంటి వాటికి 50 నుండి 100 వరకు, చాలా మెత్తని పగడాలకు 100 పై చిలుకు, కొమ్మల వలె పెరిగే రాతి పగడాలకు 200 నుండి 350 వరకు.

ఒకే దీపం కింద ఇన్ని రకాలను ఎలా ఉంచడం? సముద్రం చేసినట్లే చేయాలి. ఎక్కువ వెలుగు కోరేవాటిని పై రాళ్ల మీద, తక్కువ కోరేవాటిని అడుగున లేదా రాళ్ల నీడలో ఉంచాలి. బిందువు వంటి దీపం నుండి దూరం రెండింతలైతే వెలుగు తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని మీరు భౌతికశాస్త్రంలో చదువుతారు. తొట్టె దీపాలకు పరావర్తకాలు, కటకాలు ఉంటాయి గనుక అంతగా పడిపోదు. అయినా దీపం ఎత్తు మార్చితే వెలుగు బాగా మారుతుందని గుర్తుంచుకోవాలి.

మొక్కల కోరిక వేరు

ఉప్పునీటి తొట్టెలో మొక్కలు కూడా పెంచుతారు. వీటిలో చాలా వరకు సముద్రపు శైవలాలు. కొన్ని మాత్రం సముద్రపు గడ్డి జాతులు. సముద్రపు గడ్డి శైవలం కాదు, వేళ్లు, పూలు ఉన్న నిజమైన మొక్క. తమిళనాడు తీరంలోని పాక్ అఖాతంలో ఈ గడ్డి మేసే డుగాంగ్ అనే జంతువు కోసం 2022లో సంరక్షణ కేంద్రాన్నే ప్రకటించారు.

సముద్రపు గడ్డి, ఆకుపచ్చ శైవలాలు ఎక్కువగా ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లలో పెరుగుతాయి. అక్కడ ఎరుపు ఇంకా మిగిలే ఉంటుంది. వాటిలో మన నేలమీది మొక్కల వలె పత్రహరితం 'ఎ', 'బి' ఉంటాయి. నీలంతో పాటు ఎరుపు కూడా వాటికి బాగా పనికి వస్తుంది. అందుచేత వాటికి పగటి వెలుగు వంటి 6500 కెల్విన్ దీపం తగినది.

మరి పగడానికీ, మొక్కకూ ఒకే దీపం ఎలా? అనుభవజ్ఞులు ఒక మంచి ఉపాయం చేస్తారు. పెద్ద తొట్టె పక్కన చిన్న తొట్టె పెట్టి, ఒకే నీరు రెండింటిలో తిరిగేలా చేస్తారు. చిన్న తొట్టెలో శైవలాలు పెంచి, పెద్ద తొట్టెలో దీపం ఆరిన తరువాత దానిలో దీపం వెలిగిస్తారు. ఎందుకంటే, చీకటిలో జీవులన్నీ శ్వాసిస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి గాని దానిని వాడుకునే సంయోగక్రియ ఉండదు. నీటిలో ఆమ్లత్వం పెరుగుతుంది. పక్క తొట్టెలో శైవలాలు ఆ సమయంలో పని చేస్తుంటే ఆ మార్పు తగ్గుతుంది. పైగా నీటిలో పేరుకునే నైట్రేట్లను, ఫాస్ఫేట్లను కూడా అవి తినేస్తాయి.

అతి వెలుగూ ముప్పే

"పగడానికి వెలుగు ఆహారం కదా, ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనుకోవద్దు. శైవలం వాడుకోగలిగిన దానికంటే వెలుగు ఎక్కువైతే కణంలో హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పాలిప్ తనలోని శైవలాన్ని బయటకు నెట్టివేస్తుంది. రంగు శైవలంతో పోతుంది. పారదర్శకమైన శరీరంలోంచి లోపలి సున్నపు గూడు తెల్లగా కనిపిస్తుంది. దీనినే పగడం తెల్లబారడం అంటారు. తెల్లబారిన పగడం వెంటనే చావదు గాని ఆకలితో ఉంటుంది. శైవలాలు తిరిగి చేరకపోతే చచ్చిపోతుంది.

అందుకే కొత్త దీపాన్ని మొదట తక్కువ వెలుగుతో మొదలుపెట్టి కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా పెంచాలి. రోజుకు 8 నుండి 10 గంటలు చాలు. రాత్రి చీకటి తప్పనిసరి. గడియారపు స్విచ్చి పెడితే మరచిపోయే బాధ ఉండదు. కరెంటు పోతే దీపం లేదని కంగారు పడనక్కర లేదు. కొన్ని గంటల చీకటిని పగడం ఓర్చుకుంటుంది. నీటిని కదిలించే పంపు ఆగితేనే ప్రమాదం, ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఇంకొక హెచ్చరిక: ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. అటువంటి తొట్టె దీపాన్ని, తీగలను పిల్లలు ముట్టుకోరాదు.

తొట్టెలో దీపం తగ్గించవచ్చు. సముద్రంలో ఎవరు తగ్గిస్తారు? వేసవిలో నీటి వేడిమి మామూలు గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, అలవాటైన ఎండ కూడా పగడానికి అతి వెలుగు అయిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాలలో మన మన్నారు సింధుశాఖ, లక్షద్వీప్ దిబ్బలు ఇలా తెల్లబారాయి. ప్రపంచమంతటా నాలుగో విడత తెల్లబారడం నడుస్తున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ ఏడాది లక్షద్వీప్‌లోనూ అదే జరిగింది.

మరి మనం పెంచవచ్చా?

ఇంత చెప్పాక మా విద్యార్థి మళ్లీ లేచాడు. "సార్, ఐతే మనం కూడా ఒక పగడం తెచ్చి పెంచుదామా?"

వద్దు నాయనా. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను మన ప్రభుత్వం 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. అనుమతి లేకుండా మన సముద్రాల నుండి వాటిని తీయడం, అమ్మడం నేరం. ఏండ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక్క చేతి విరుపుతో పోతుంది. అందుచేత తొట్టెలో పగడం చూస్తే "ఇది ఎక్కడి నుండి వచ్చింది?" అన్నది దీపం కంటే ముందు అడగవలసిన ప్రశ్న.

చేసి చూడండి

పగడం లేకున్నా మన చెరువులోని హైడ్రిల్లా మొక్కతో వెలుగు రంగుల సంగతి కొంత తెలుసుకోవచ్చు.

మూడు గాజు బీకర్లు తీసుకోండి. ఒక్కొక్క దానిలో చెరువు నీరు పోసి చిటికెడు వంటసోడా కలపండి. సమానమైన హైడ్రిల్లా కొమ్మలను, కోసిన కొన పైకి ఉండేలా, నీటిలో ముంచండి. ఒక బీకరుకు ఎర్ర, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి నీలం గాజుకాగితం చుట్టండి. మూడింటినీ ఒకే ఎండలో పావుగంట ఉంచి, తరువాత నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో కాగితం కొద్దిగా తొలగించి లెక్కించండి. ఒక్కొక్క దానికి మూడుసార్లు లెక్కించి సగటు తీయండి. ఆకుపచ్చ కాగితం కింద బుడగలు తక్కువగా రావడం మీరు చూడవచ్చు. కాగితాలు అన్నీ ఒకే తీవ్రతతో వెలుగును పోనివ్వవు గనుక కొంత తేడా ఉండవచ్చు. ఆ తేడాను ఎలా తొలగించాలో మీరే ఆలోచించండి.

హైడ్రిల్లా లోతు లేని చెరువు మొక్క. ఎరుపును చక్కగా వాడుకుంటుంది. పది మీటర్ల లోతున బతికే పగడపు శైవలానికి ఎరుపు అందనే అందదు. కాబట్టి దీపం ఎంచుకునే ముందు అడగవలసింది "ఏ దీపం మంచిది?" అని కాదు, "ఈ జీవి ఏ లోతు నుండి వచ్చింది?" అని.

ఇక చివరగా ఒక చిన్న పని. ఎక్కడైనా పడి ఉన్న తాండూరు బండ ముక్క మీద ఒక మూల గీకి, ఆ పొడి మీద నిమ్మరసం రెండు చుక్కలు వేయండి. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. సున్నపురాయి నుండి వెలువడే కార్బన్ డయాక్సైడ్ అది. కోట్ల ఏండ్ల కింద ఎండ సోకిన ఒక సముద్రం మన కాళ్ల కింద గట్టిపడి ఉంది. ఇప్పటికీ బతికి ఉన్న దిబ్బలను మాత్రం అలాగే బతకనివ్వడం మన చేతుల్లోనే ఉంది.